ఆరు పనులూ, ఒక టవలూ

మొన్న ఏం జరిగిందో చెప్తా, నవ్వకూడదు మరి. నేను నిక్షేపంగా తిరిగే మనిషిని. డోన్‌లో స్టీలు సామాన్ల అంగడి నాది, పొద్దంతా నిలబడే ఉంటా. అట్లాంటి నన్ను ఒక ఇన్సూరెన్సు కంపెనీ మంచాన పడినోళ్ళ లెక్కలో రాసుకునింది. రాయించింది ఎవరో కాదు, మా ఇంటామె పద్మే.

ఇదంతా మా అన్నతో మొదలయింది. ఆయన నందికొట్కూరులో ఉంటాడు. బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ దుడ్లు హెల్త్ పాలసీలోనే వచ్చినాయి, గండం గడిచిందనుకున్నాం. ఇంటికొచ్చినాక తెలిసింది అసలు సంగతి. లేపాల, కూర్చోబెట్టాల, స్నానం చేయించాల. దానికి మనిషిని పెట్టుకుంటే ఆ జీతం పాలసీలో రాదంట. చేసీ చేసీ మా వదినకు నడుము పట్టేసింది. అది చూసొచ్చినప్పట్నుంచి నాకు ఒకటే దిగులు. రేపు నాకు ఇట్లయితే పద్మ గతేంది? ఇట్లాంటి చాకిరీకి కూడా ఇన్సూరెన్సు ఉంటాదా?

మా వీధిలో మస్తాన్ సారు ఉండాడు. బడిలో లెక్కలు చెప్పి రిటైరై, ఇప్పుడు ఇన్సూరెన్సు చేస్తాండాడు. ఆయన్ని పిల్చుకోనొచ్చి కూర్చోబెట్టినా.

"శెట్టీ, ఆసుపత్రి ఖర్చు వేరే, ఇంట్లో చూసుకునే ఖర్చు వేరే. రెండోదానికి పాలసీలు మన దగ్గర తక్కువే. నేను చెప్పేది హెల్త్ పాలసీకి తగిలించుకునేది. మనిషికి రోజూ ఆరు పనులుంటాయి. స్నానం, బట్టలు, తిండి, బాత్రూముకు పోయేది, మంచం మీంచి లేచి కుర్చీలోకి మారేది, ఒంటికీ రెంటికీ ఆపుకునేది. వీటిల్లో మూడు, ఇంకొకరి సాయం లేకుండా చేసుకోలేకపోతే ఈ కంపెనీ దుడ్లిస్తాది."

"జ్వరమొచ్చి వారం పడుకుంటే?"

"వారానికి ఇయ్యరు. నెలల తరబడి సాగాల."

"కాళ్ళూ చేతులూ బాగుండి మతిమరుపు వస్తే?"

"ఈ పాలసీలో అదీ ఉండాది."

"మంచాన పడినాకనే తీసుకుంటే?"

"అప్పుడెవరిస్తారప్పా? ఈ పొద్దు ఆరూ సొంతంగా చేసుకుంటాండాల, అప్పుడే ఇస్తారు." సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నా సర్వీసులో ఒక్క పిల్లోడూ ఇన్ని ప్రశ్నలు అడగలేదు శెట్టీ. సరే, నీ దరఖాస్తు పంపిస్తా, రేపు కంపెనీ నుంచి ఫోనొస్తాది. నిజమే చెప్పాల. అబద్ధం చెప్తే రేపొద్దున క్లెయిము ఎగిరిపోతాది."

నేను వంటింటి తట్టు తిరిగి గట్టిగా చెప్పినా. "పద్మా, వింటివా? ఎవరడిగినా నిజమే చెప్పాల."

విన్నాది.

మరుసటి రోజు ఫోనొచ్చేసరికి నేను బాత్రూములో ఉండా. పద్మకు స్పీకర్ పెట్టి మాట్లాడే అలవాటు, అంతా నాకు లోపలికి వినపడతాండాది.

"సార్ ఉన్నారా మేడమ్?" ఎవరో అమ్మాయి అడిగింది.

"స్నానానికి పోయినాడమ్మా. ఇప్పుడే నీళ్ళు తోడి పెట్టినా."

"ఆయనంతట ఆయన స్నానం చేసుకోలేరా?"

"పోసుకుంటాడు. నీళ్ళు తోడాల, వీపు రుద్దాల, టవలు ఇయ్యాల."

టవలు నిజంగానే ఇంకా ఇయ్యలేదు.

"బట్టలు?"

"తీసి మంచం మీద పెడితే తొడుక్కుంటాడు. పెట్టకపోతే ఆడనే నిలబడి అరుస్తాడు."

"భోజనం?"

"అన్నం కలిపి చేతికియ్యాల, నీళ్ళ చెంబు పక్కన పెట్టాల. కూర్చున్న తావు నుంచి లేవడు."

"లేవలేరా మేడమ్?"

"లేవడమ్మా."

లేవడు, లేవలేడు. రెండిటికీ నడుమ ఒక్క అక్షరమే తేడా. ఆ ఒక్క అక్షరం ఆ అమ్మాయి కలిపి రాసుకునింది.

ఇంక ఆగలేక లోపల్నుంచి అరిచినా. "అన్నీ నేనే చేసుకుంటా! రాసుకోవద్దని చెప్పు!"

"ఎవరు మేడమ్ అరుస్తున్నది?"

"ఆయనే. టవలు కోసం."

"అయ్యో పాపం. ఎన్నాళ్ళ నుంచి మేడమ్ ఇలా?"

"పెళ్ళయినప్పట్నుంచి."

బయటికొచ్చి ఫోన్ గుంజుకుందామంటే ఒంటి మీద గుడ్డ లేదు. తలుపు పట్టుకోని అట్లే నిలబడినా. అప్పుడు ఆ అమ్మాయి ఇంకొకటి అడిగింది. "ఆయన్ని మీరొక్కరే చూసుకుంటున్నారు కదా. మీకు బాగాలేకపోతే మిమ్మల్ని ఎవరు చూసుకుంటారు మేడమ్?"

కొళాయి చుక్కలు బకెట్లో పడేది వినపడతాండాది నాకు.

"నన్నా?" అనింది చివరికి. "ఏమోనమ్మా. అట్ల ఎవరూ అడగలేదు ఇంతవరకు."

నాకు సిగ్గేసింది. అన్న ఇంటికి పోయొచ్చినప్పట్నుంచీ నాకేమన్నా అయితే ఎట్లని తిరుగుతాండా గానీ, ఆమెకే అయితే అని ఒక్క పొద్దు కూడా అనుకోలేదు.

సాయంత్రం మస్తాన్ సారు మొగం వేలాడేసుకోని వచ్చినాడు. "శెట్టీ, నీ దరఖాస్తు ఆపేసినారు. ఆరిట్లో నాలుగు చేతకావని పడింది, డాక్టరొచ్చి చూడాలంట. ఈ పాలసీ నీకు ముందే ఉండుంటే క్లెయిముకు పెట్టుకోవచ్చునప్పా."

"నాది పక్కన పెట్టండి సార్. ముందు పద్మ పేరు మీద రాయండి."

ఆమె ఫారం ఎంతసేపు? స్నానం, చేసుకుంటాది. బట్టలు, చేసుకుంటాది. ఆరిటికీ ఆరు టిక్కులు పడినాయి, కాఫీ చల్లారకముందే. ఆఖర్న ఒక గడి మిగిలింది. అవసరమొస్తే సాయం చేసే మనిషి పేరు రాయాలంట. నేను సారు చేతిలో పెన్ను తీసుకోని, ధీమాగా నా పేరు రాసినా.

పద్మ ఫారం తన తట్టు తిప్పుకోని చదివింది. నన్నొకసారి చూసింది. పెన్ను తీసుకోని నా పేరు పక్కన బ్రాకెట్లో రాసింది: నేర్చుకుంటాండాడు.