కీళ్ళ పాఠం, జైబున్నీసా గారి అనుమానం

మొన్న శుక్రవారం మధ్యాహ్నం మా పాత సహోద్యోగుల వాట్సాప్ గ్రూపులో ఒక్క వాక్యం కనిపించింది: జైబున్నీసా టీచర్ ఇక లేరు. చదివాను కానీ నమ్మలేదు. ఇలాంటి కబురు వస్తే ఆవిడ ఏం చేసేవారో అదే చేశాను. పంపినవారికి ఫోన్ చేసి, "మీకెవరు చెప్పారండీ?" అని నిలదీశాను. అది చాలక ఆవిడ చెల్లెలు మెహరున్నీసాకు చేశాను. అవతలినుంచి ఏడుపు వినిపించాక ఇక శంకించడానికి ఏమీ మిగలలేదు. తిరువూరులో రెండు తరాల ఆడపిల్లలకు జీవశాస్త్రం బోధించిన విదుషీమణి, స్టాఫ్ రూములో తెలుగు టీచరునైన నా పక్కనే కూర్చున్న ఆప్తురాలు అస్తమించారు.

సంశయం ఆవిడకు సహజాభరణం. రెడ్డిగూడెం మామిడిపళ్ళు బుట్టలో వస్తే అందరం రంగు చూసి మురిసేవాళ్ళం. ఆవిడ మాత్రం తొడిమ దగ్గర వాసన చూసి, "ఇది చెట్టుమీద పండలేదు, మందుకి పండింది" అని పక్కన పెట్టేసేవారు. షేర్ ఆటో డ్రైవరు "ఇంకొక్కరొస్తే బయల్దేరదామండీ" అంటే, "ఆ ఒక్కరూ మొత్తం ఎంతమందయ్యా?" అని అడిగేవారు. ఆటోలో నవ్వులే నవ్వులు. ఆవిడ మాత్రం నవ్వేవారు కాదు. జవాబు వచ్చేదాకా చూసేవారు.

కీళ్ళ పాఠం చెప్పే రోజు తరగతిలో ఎవరూ కూర్చునేవారు కాదు. పిల్లల్ని తలుపు దగ్గర నిలబెట్టి, తలుపు రెక్కను వెనక్కి తొయ్యమనేవారు. "తొయ్యలేకపోతున్నారా? మోకాలూ అంతే, మోచెయ్యీ అంతే. మడతబందు కీలు. ఒకవైపే తెరుచుకుంటుంది." పక్కకు తల తిప్పిన పిల్లను అలాగే ఆపి, మెడలో ఒక ఎముక మరో ఎముక మొన చుట్టూ బొంగరంలా ఎలా తిరుగుతుందో చెప్పేవారు. మణికట్టులో ఒకదానిమీద ఒకటి జారే చిన్న ఎముకల్ని, వాటి చివరలకు నున్నటి మృదులాస్థిని, మధ్యన కందెనలాంటి ద్రవాన్ని, అన్నిటినీ బిగించి ఉంచే సంధిబంధనాలను వర్ణించేవారు. చివర భుజం. "తుంటిలో గిన్నె లోతు, బంతి జారదు. భుజంలో గిన్నె లోతు లేదు. అందుకే చెయ్యి ఎటు కావాలంటే అటు తిరుగుతుంది, అందుకే జారిపోతుంది కూడా. స్వేచ్ఛ ఎక్కువున్న చోట కాపలా ఎక్కువుండాలమ్మా" అనేవారు. ఆ మాట ఇప్పటికీ చాలామంది శిష్యురాళ్ళ నోట వింటాను.

నాతో పరిహాసమూ ఉండేది. "సుభద్ర గారూ, మీ సంధిలో అచ్చు లోపిస్తే మాటలు కలుస్తాయి. మా సంధిలో ఏది లోపించినా మనిషే కుంటుతాడు."

ఆవిడ అనుమానం ఎంత దూరం నడిచిందో చెప్పడానికి ఒక ఉదంతం చాలు. వినగడప నుంచి శిరీష అనే పిల్ల పదో తరగతికి వచ్చేది. ఖోఖో జట్టులో దిట్ట. ఒకరోజు భుజానికి గుడ్డ కట్టుకుని వచ్చింది. పడితే భుజం జారిందంది. పాపం అన్నాం. కొన్నాళ్ళకు మళ్ళీ అదే భుజం, అదే మాట. ఈసారి జైబున్నీసా గారు పిల్ల అరచేతులు తిప్పి చూశారు. మోచేతులు చూశారు. పిల్ల వెళ్ళాక నావైపు వంగి నెమ్మదిగా అన్నారు.

"పడే మనిషి చెయ్యి ఆన్చుకుంటుంది. అరచేతిలో గీత లేదు. మోచెయ్యి దోక్కుపోలేదు. సూటిగా భుజమే ఎలా జారింది? ఎవరో చెయ్యి మెలితిప్పారు."

"ఎవరంటారు?"

"వాళ్ళ నాన్నకి కోపం ఎక్కువని విన్నాను."

ఆ క్షణం నుంచి నాకూ ఆ తండ్రిమీద అనుమానం పాకింది. ఇద్దరం వినగడప వెళ్ళాం. ఆ ఇంట్లో ప్రతిదీ మాకు సాక్ష్యంలాగే కనిపించింది. తండ్రి వెంకట్రావు మమ్మల్ని చూడగానే ముఖం గంటుపెట్టుకోవడం, తల్లి తలుపు చాటునే నిలబడిపోవడం, శిరీష మాటిమాటికీ తండ్రి వంక చూడటం. ఆవిడ తిన్నగా అడిగేశారు.

"అమ్మాయి చెయ్యి ఎవరు తిప్పారండీ?"

"అంటే? నా కూతురి చెయ్యి నేనే విరిచానంటారా టీచరుగారూ?" అతని గొంతుకు ఇరుగుపొరుగు గుమ్మాల్లోకి వచ్చారు. గోడ అవతల ఎవరో గుసగుసలాడారు. శిరీష భోరుమంది.

అప్పుడు తల్లి మాకు మంచినీళ్ళు అందించింది. జైబున్నీసా గారు గ్లాసు అందుకోలేదు. ఆమె చాచిన చేతినే చూస్తున్నారు. మోచెయ్యి తిన్నగా ఆగకుండా వెనక్కి విల్లులా వంగింది. ఆవిడ లేచి, శిరీష బొటనవేలు పట్టుకుని మెల్లగా మణికట్టువైపు వంచారు. అది నొప్పి లేకుండా ముంజేతికి ఆనింది.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వంగుతాయామ్మా?"

"మా అమ్మకి కూడా అంతేనండి," అంది తల్లి. "బిందె ఎత్తితే భుజం జారేది. తనే సర్దుకునేది."

నిజం బయటపడింది. ఆ వంశంలోనే సంధిబంధనాలు వదులు. ఎవరూ తిప్పకుండానే భుజం జారుతోంది. సంగతి తెలిస్తే జట్టులోంచి తీసేస్తారని పిల్ల పడ్డానని చెబుతూ వచ్చింది. అబద్ధాన్ని ఆవిడ సరిగానే పసిగట్టారు. నేరం మాత్రం నిరపరాధి మీద మోపారు.

ఆవిడ గుమ్మంలోకి వెళ్ళి, చేరినవాళ్ళందరికీ వినబడేలా చెప్పారు. "ఈయన తప్పేమీ లేదు. నేనే పొరబడ్డాను. వెంకట్రావు గారూ, క్షమించండి." అతను పార తీసుకుని చేనుకు వెళ్ళిపోయాడు.

విజయవాడలో ఎముకల వైద్యుడికి చూపించి, భుజం కండరాలు బలపడే వ్యాయామాలు ఆవిడే దగ్గరుండి చేయించారు. పరీక్షలయ్యాక వెంకట్రావు బడికి వచ్చి ఆవిడ ఎదుట నిలబడ్డాడు. "నా మీద అనుమానపడ్డందుకు కోపం ఇంకా పోలేదు టీచరుగారూ. కానీ నా పిల్ల చెప్పింది నేను నమ్మేశాను, మీరు నమ్మలేదు. అది మాత్రం ఒప్పుకుంటా." ఇంతకంటే గొప్ప సన్మానం ఆవిడకు ఎక్కడా జరగలేదని నా అభిప్రాయం.

విశ్రాంత జీవితంలో కీళ్ళవాతం ఆవిడనే పట్టుకోవడం విధి వైపరీత్యం. వేళ్ళ కణుపులు వాచి వంకర్లు పోయాయి. వ్యాధి క్రమంగా గుండెను కూడా తాకింది. ఆ సంగతి తన ఆపాకు, అంటే అక్కకు, చెప్పవద్దని మెహర్ మా అందరినీ వేడుకుంది. పోయిన నెల చూడటానికి వెళ్ళాను. టీ పెట్టమని చెల్లెల్ని లోపలికి పంపి ఆవిడ నావైపు తిరిగారు.

"గుసగుసలు గదిలోంచి వంటింట్లోకి మారాయి. డాక్టరు ఏమన్నాడో మీకు తెలుసు. చెప్పండి."

ఆ చూపు ముందు నాకు వేరే మాట రాలేదు. "గుండెకి పాకిందన్నారు. మందులకి లొంగడం లేదట."

ఆవిడ వంటింటివైపు ఒకసారి చూశారు. తరువాత అన్నారు: "నాకు తెలిసిందని మెహర్‌కి చెప్పకండి. పిచ్చిది, నేను నమ్ముతున్నాననుకుని కాస్త నిద్రపోతోంది."

అంత్యక్రియల నాడు ఆడవాళ్ళ మధ్య కూర్చుని మెహర్ నా చెయ్యి పట్టుకుంది. "ఆఖరిదాకా ఆపాకి తెలియదు సుభద్ర గారూ. తగ్గిపోతుందంటే నమ్మింది."

ఇక దాచవలసిన అవసరం లేదనిపించి, జరిగింది చెప్పాను.

"రోజూ డాక్టరు ఏమన్నాడని అడిగేది. బాగుందన్నాడని చెప్పేదాన్ని. 'అలాగా, మంచిది' అనేది. ఒక్క ఎదురు ప్రశ్న వెయ్యలేదు." మెహర్ కళ్ళు తుడుచుకుంది. "అప్పుడే నాకు అనుమానం రావాల్సింది."

జగత్తునంతా ప్రశ్నించి, చెల్లెలి ప్రేమ ఎదుట మాత్రం ప్రశ్న మానుకున్న ఆ మహామనస్వినికి అశ్రుపూర్వక ప్రణామం. మా తిరువూరుకు మళ్ళీ అటువంటి టీచరు రారు.