కంద బచ్చలి కూర, విప్ కాగితం

ఇప్పుడు పార్టీ విప్ ఫోన్‌లో మెసేజ్‌గా కూడా వస్తుందని మొన్న టీవీలో ఎవరో చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. మా ఇంటికి విప్ మధ్యాహ్నం భోజనాల వేళ, మావయ్య చొక్కా జేబులో వచ్చింది.

మావయ్యంటే అమ్మకి ఒక్కగానొక్క అన్నయ్య. మండపేటలో మిల్లు కార్మికుల తరఫున మాట్లాడుతూ మాట్లాడుతూ సర్పంచయి, మూడుసార్లు ఎమ్మెల్యే అయి, చివరికి వాళ్ల పార్టీకి శాసనసభాపక్ష నేత అయ్యారు. మనిషి గట్టివారే గానీ పార్టీ చిన్నది. సభలో ఉన్నది అయిదుగురు. అందరూ ఒక్క కారులో ఇరుక్కుని వెళ్లేవారు. ఆ అయిదుగురిలో మా నాన్న ఒకరు. ఇద్దరూ ఒకే పార్టీ కాబట్టి ఇంట్లో గొడవలుండవని అమ్మ మురిసిపోయేది, పిచ్చితల్లి!

ఆ ఏడు వరిచేలను రొయ్యల చెరువులుగా మార్చుకోవచ్చనే బిల్లు వచ్చింది. పార్టీ సరేనంది. నాన్నది కాలువ చివరి నియోజకవర్గం. పక్కన చెరువు తవ్వితే ఉప్పు ఊరి తమ చేలు పోతాయంటూ రైతులు మా గుమ్మం ముందు కూర్చున్నారు. నాన్న ఎదురు ఓటేస్తారని మావయ్యకి అందరికన్నా ముందే తెలుసు. ఆ రోజు అమ్మ ఆవపెట్టి కంద బచ్చలి కూర చేసింది. అన్నయ్య వస్తేనే చేసేది. మావయ్య తృప్తిగా తిని, నాన్న మారు వడ్డించుకుని తినేదాకా ఆగి, ఇద్దరూ చేతులు కడుక్కున్నాక, బిల్లుకి అనుకూలంగా ఓటేయాలన్న విప్ కాగితం తీశారు.

"ముట్టినట్టు ఇక్కడో సంతకం పెట్టండి బావగారూ."

"అన్నం తిన్నాక ఇచ్చారు, అదే పదివేలు," అని నాన్న తడిచేత్తోనే పెట్టేశారు.

అనుకున్నట్టే నాన్న ఎదురు ఓటేశారు. విప్ తప్పినవాళ్లని పార్టీ పదిహేను రోజుల్లో క్షమించవచ్చు. లేకపోతే స్పీకరుకి ఫిర్యాదు వెళ్తుంది, పదవి పోతుంది. మావయ్య ఒక్క మాట చెబితే చాలు. అమ్మ కోరుకొండ నరసింహస్వామికి మొక్కుకుని రోజులు లెక్కపెట్టింది. పదహారో రోజు మావయ్య ఫిర్యాదు ఇచ్చారు. నాన్న పదవి పోయింది.

విడ్డూరం ఏంటంటే, వాళ్లిద్దరి మధ్యా ఏమీ చెడలేదు. "నన్నొదిలేస్తే మిగతావాళ్లకి ఏ మొహం పెట్టుకుని విప్ ఇస్తారు? నేనైనా అదే చేద్దును," అంటూ నాన్న ఆదివారాలు వాళ్లింటికెళ్లి పేకాడి వచ్చేవారు.

"మీ ఇద్దరికీ అసెంబ్లీ ఉందండీ. నాకున్నది ఒక్క అన్నయ్య," అంది అమ్మ. అన్నయ్యతో మాట మానేసింది. కంద బచ్చలీ మానేసింది. ఫిర్యాదు మీద సంతకం ఆయనది, శిక్ష నాకా అని నాన్న ఒకటే గోల.

పన్నెండేళ్లు గడిచాయి. మావయ్య ఓడిపోయారు, ఆ పార్టీయే లేకుండా పోయింది. కిందటి నెల ఆయనకి గుండె ఆపరేషన్ అయింది. డిశ్చార్జ్ చేశాక తిన్నగా ఇంటికెళ్లకుండా మా ఇంటి ముందు కారు ఆపించి, వాకర్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"పొమ్మంటే పోతానే చెల్లాయ్."

అమ్మ లోపలికి వెళ్లిపోయింది. అయిపోయిందిరా బాబూ అనుకున్నాను. కాసేపటికి కత్తిపీట చప్పుడు, ఆ తర్వాత ఆవ ఘాటు. నాన్న గబగబా కంచాలు తెచ్చేశారు.

మావయ్య కూర వంక చూసి, "ఎక్కడ సంతకం పెట్టమంటావే?" అన్నారు.

"ముందు తిను అన్నయ్యా," అంది అమ్మ, ఏడుస్తూనే.

క్షమించడానికి చట్టం మావయ్యకి పదిహేను రోజులే ఇచ్చింది. అమ్మకి ఎవరూ గడువు పెట్టలేదు, పన్నెండేళ్లు తీసుకుంది. అందులో ఒక్క ఏడాదైనా తగ్గించుకోవలసిందని ఇప్పుడు రోజూ కూర తరుగుతూ అంటోంది.