తెలుగు క్లాసుకు రిలీవరు

తొంభైల చివర్లో ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో, రైల్వే వాళ్ళ పిల్లలు చదివే బడిలో నేను కంప్యూటర్ టీచర్ని. మా గదిలోని కంప్యూటర్లన్నీ ఒకే తీగకు కలిపి ఉండేవి. ఒకదాంట్లో పెట్టిన ఫైలు మిగతా అన్నింట్లోనూ తెరుచుకునేది. స్పీకర్లు మాత్రం నా బల్ల మీదున్న దానికే ఉండేవి.

ఆ ఏడాది మా తెలుగు మాస్టారికి గొంతులో పుండు లేచింది. ఆపరేషన్ చేస్తే మాట పోతుందని డాక్టర్లు ముందే చెప్పేశారు. ఆయన రిటైరైతే ఆ పోస్టులోకి ఇంకెవరినీ వేయరు. వీధిలో బెంగాలీ, హిందీల మధ్య పెరిగే మా పిల్లలకు తెలుగు అక్షరం అబ్బేది ఆ ఒక్క క్లాసులోనే. కలకత్తా వెళ్ళేముందు ఆయన రోజూ బడి వదిలాక మైకు ముందు కూర్చుని, పిల్లలు ఎదురుగా ఉన్నట్టే పాఠాలు చెప్పి రికార్డు చేశారు.

"నొప్పితో ఇంత కష్టం ఎందుకు మాస్టారూ?" అన్నాను.

"రిలీవరొచ్చి ఛార్జి తీసుకోకుండా డ్యూటీ దిగిపోతారేటమ్మా? వర్క్‌షాపులో మా అయ్య ఏనాడూ అలా సెయ్యలేదు. మరి నా రిలీవరేడీ?" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

అన్నీ ఒకే డిస్కులో పట్టక, కంప్యూటరుకొక పాఠం చొప్పున దాచాను. నా బల్ల దగ్గర్నుంచి ఏది కావాలన్నా వినిపించవచ్చు.

ఆయన ఆస్పత్రిలో ఉండగా పిల్లలు ఆ తీగ మీదే ఆటలూ సినిమా పాటలూ పంచుకోవడం మొదలుపెట్టారు. వాటితోపాటు వైరస్ వచ్చి పరీక్ష పేపర్లన్నీ పోయాయి. హెడ్‌మిస్ట్రెస్ కేకలేశారు. ఇక ఏ కంప్యూటరూ ఇంకోదాంట్లోకి తొంగి చూడకూడదన్నారు.

"మాస్టారి పాఠాలకైనా వదలండి మేడమ్."

"ఒక్కదానికి దారి ఒదిలినా అందరూ అందులోంచే దూరతారు. అన్నీ మూసెయ్యమ్మా."

నాకు ఒళ్ళు మండింది. ఆవిడ మాటలో తప్పు లేకపోవడం ఇంకా మండించింది. ఒక్కోదాని ముందూ కూర్చుని షేరింగు తీసేసి, పాస్‌వర్డు పెట్టాను. పాఠాలు వేరే చోటికి మారుద్దామంటే ఫ్లాపీల్లో పట్టవు.

మాస్టారు మాట పోయి, మెడకు మఫ్లరు చుట్టుకుని తిరిగొచ్చారు. నా బల్ల మీది కంప్యూటర్లో ఉన్న మొదటి పాఠం పెట్టి వినిపించారు. రెండోది తెరుచుకోలేదు. జరిగింది చెప్పానే గానీ ఆయన మొహంలోకి చూడలేకపోయాను. ఆయన లేచి, స్పీకర్ల తీగలు పీకి, రెండింటినీ చంకలో పెట్టుకుని పక్క కంప్యూటరు దగ్గరికి నడిచారు. పిల్లలు కుర్చీలు ఎత్తుకుని వెనకాలే వెళ్ళారు. ఆ ఏడాదంతా తెలుగు క్లాసు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు మారుతూనే సాగింది.

రిటైరయ్యే రోజు కూడా ఒక పాఠం పెట్టారు. స్పీకర్లలోంచి ఆయన పాత గొంతు, "కూసోండి. పుస్తకాలు తియ్యండి" అంది.

పిల్లలు కూర్చున్నారు. పుస్తకాలు తీశారు. మాస్టారు చేతిలోని చాక్‌పీసు నా బల్ల మీద పెట్టారు. గుమ్మం దగ్గర ఆగి, అందరూ కూర్చున్నారో లేదో ఒకసారి చూసుకున్నారు. అప్పుడు డ్యూటీ దిగి వెళ్ళిపోయారు.