మా రూప రక్తం సంగతి

పొద్దున లేస్తానే, వాకిట్లో నీళ్లు చల్లకముందే నేను చేసే పని ఒకటుండేది. గాజు గ్లాసులో సగానికి నీళ్లు పోసి, మా పెద్దపాప రూప మాత్ర అందులో వేసి ప్లాస్టిక్ చెంచాతో కలిపేదాన్ని. అది చప్పున కరిగే రకం కాదు. సున్నపునీళ్ల మాదిరి తెల్లగా అయ్యేదాకా తిప్పుతానే ఉండాల. పరగడుపున తాగి, ఆ తర్వాత అరగంట దాకా ఏమీ తినకూడదు. రూప ఒక్క గుక్కలో తాగేసి, అడుగున పిండి మిగిలితే మళ్లీ నీళ్లు పోసుకుని అది కూడా తాగేది. ఇప్పుడు లేస్తానే నేరుగా వాకిట్లోకి పోతాను. పాలు తొందరగా కాగుతాయి, కాఫీ తొందరగా అవుతుంది. అట్ల మిగిలిన పొద్దు ఏం చేసుకోవాలో తెలీక పొయ్యి ముందరే కూర్చుంటాను.

మాది హిందూపురం. మా ఆయన సీతారామాంజనేయులుకు బజార్లో చింతపండు, ఎండుమిరపకాయల అంగడి ఉంది. ఆయన నాకు పరాయి ఇంటివాడేం కాదు. మా అత్త కన్యకమ్మ మా నాయనకు సొంత చెల్లెలు. మా వైశ్యుల ఇండ్లలో మేనమామ కూతుర్ని అడిగే హక్కు మేనల్లునిది. ఉయ్యాలలో ఉన్నప్పుడే నేను ఈ ఇంటి కోడలినైపోయినాను. బయటి సంబంధం చేసుకుంటేనే మావాళ్లు గుచ్చి గుచ్చి అడుగుతారు, అన్న బిడ్డకు ఏం కొరత వచ్చిందని.

రూప పుట్టి ఏడాది తిరక్కముందే పాలిపోయింది. పొట్ట ముందుకొచ్చింది, పాలు తాగుతా తాగుతానే అలసిపోయేది. "పిల్లకు రక్తం పట్టలేదు, నేను పట్టిస్తా సూడు" అని మా అత్త నడుం కట్టింది. ఆకుకూర ఇనుప బాణలిలోనే వండాల. రాగి గంజిలో బెల్లం, నానబెట్టిన ఖర్జూరాలు, మునగాకు రసం. ఎవరింటికి పోయినా ఇదే మాట చెప్పినారు, మేమూ ఇదే చేసినాము. బెంగళూరులో పెద్దాసుపత్రికి పోయినాక తెలిసింది అది ఇనుము తక్కువై వచ్చిన జబ్బు కాదని. ఎర్రకణం తయారయ్యే తావులోనే లోపముందంట, పేరు తలసీమియా అంట. రక్తం ఎక్కించే కొద్దీ ఒంట్లో ఇనుము మిగిలిపోయి గుండెకూ కాలేయానికీ పడుతుందంట. ఆ మిగిలినదాన్ని బయటికి తోసేదానికే ఆ మాత్ర. మా అత్త ఇంటికొచ్చి బాణలి తోమి అటకెక్కించింది. ఆ పొద్దు అన్నం తినలేదు.

అప్పటినుంచి మూడు వారాలకొకసారి బెంగళూరు ప్రయాణం. ఆడ నర్సులతో రూపకు కన్నడ బాగా వచ్చేసింది, నాకంటే బాగా మాట్లాడేది. రక్తం ఎక్కించుకుని వచ్చేటప్పుడు దానికి ఒక ఆట ఉండేది, ఈసారి ఎవరి రక్తమో చెప్పడం.

"ఈ తూరి ఎవరో పోలీసోనిది ఎక్కించినట్టుండారు మా. బస్సులో సీటు ఇయ్యనోళ్లను చూస్తే కొట్టాలనిపిస్తాంది."

ఇంకో తూరి, "ఇది పాటగాళ్లది. గొంతు దురదగా ఉండాది" అనేది. ఎవరో ముక్కూముఖం తెలీని వాళ్ల రక్తమని మాకు దుఃఖంగా ఉంటే, దానికి అది చుట్టాలు వచ్చినట్టుండేది.

మనిషి ఎత్తు పెరగలేదు. పైచదువు అయిపోయినా బడిపిల్ల మాదిరే కనిపించేది. అనంతపురంలో ల్యాబ్ కోర్సు చేసి పెనుకొండలో తిరుపాల్ సారు రక్తపరీక్షల ల్యాబులో చేరింది. రోజూ రైల్లోనే పోయి రావడం. ఒకనాడు టికెట్లు చూసేటాయన "ఏం పాపా, మీ అమ్మోళ్లు యాడ" అని అడిగితే, "అమ్మోళ్లు ఇంట్లో ఉండారు సార్, నా జీతంతో తింటాండారు" అనిందంట. ఆయన తర్వాత రోజూ నమస్కారం పెట్టేవాడంట. ఇంటికొచ్చి అది చెప్పి చెప్పి నవ్వింది.

బెంగళూరు ఆసుపత్రిలో ఎర్రకణాల మీద పరిశోధన చేసేవాళ్లు ఉన్నారు. ఒకే ఇంట్లో ఒకరికి జబ్బు ఎక్కువగా, ఇంకొకరికి తక్కువగా ఎందుకొస్తుందో చూస్తారంట. రక్తం ఇస్తావా అని రూపను అడిగితే వెంటనే చేయి చాపింది. నాకు ఒళ్లు మండింది.

"ఎక్కించుకునేదే వేరేవాళ్లది, మళ్లీ దాంట్లోంచి ఇస్తావా? వాళ్లు ఏం చేసుకుంటారే దాంతో?"

"సూస్తారు మా. నాయన అంగడికి మూటలు మోసే హమాలీలు ఉండారు కదా, ఎర్రకణం కూడా అట్లాంటి హమాలీనే. ఊపిరితిత్తుల కాడ గాలి ఎత్తుకుని ఒళ్లంతా దింపుతాది. మంచి హమాలీ నాలుగు నెలలు మోస్తాడు. నా హమాలీలు దావలోనే కూలబడతారు. ఎందుకు కూలబడతారో సూస్తారు."

"సూసి బాగు చేస్తారా?"

"నాకు కాకపోవచ్చు. ఎవురికో."

అట్లనే ఒకసారి నన్ను పెనుకొండ ల్యాబుకు పిలుచుకుపోయింది. నా వేలికి సూది గుచ్చి, చుక్క తీసి అద్దం మీద పూసి, ఏదో రంగు వేసి ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద పెట్టి చూడమనింది. ముందు నాకు నా కంటిరెప్పలే కనిపించినాయి. ఆ పైన ఎర్రని చుక్కలు బారుబారుగా.

"ఇది తిరుపాల్ సారుది. గుండ్రంగా, నడుమ నొక్కినట్టుండాయి కదా. ఇది నీది. చిన్నగా, పాలిపోయి ఉండాయి. ఐనా పని చేస్తాయి, అందుకే నీకేం తెలీదు. నాయనదీ ఇట్లే ఉంటాది. మీ ఇద్దరి కాడినుంచీ ఆ లోపం నాకొచ్చింది. ఇది నాది."

దానివి ఒకటున్నట్టు ఇంకొకటి లేవు. పగిలిన చింతగింజల మాదిరి, కొన్ని పెద్దవి, కొన్ని నలుసులు. నేను చాలాసేపు చూసినాను. "సాలు మా, కండ్లు నొప్పులు పుడతాయి" అని అదే పక్కకు జరిపింది.

మా చిన్నపాప హరిణికి జబ్బు లేదు. కానీ నాలాగే లోపాన్ని మోసే మనిషి. రూపే దాని రక్తం తీసి బెంగళూరుకు పంపి తెలుసుకుంది. ఇంక మా ఆయన అక్క సుబ్బలక్ష్మమ్మను ధర్మవరంలో ఇచ్చినారు. ఆమె కొడుకు కృష్ణకాంత్‌కు ఆడ పట్టుచీరల అంగడి. హరిణి ఆ పిల్లోనికేనని చిన్నప్పుడే అనుకున్నాము. హరిణికి కూడా బావంటే ఇష్టమే. ఆ ఇష్టమే రూపకు నిద్ర లేకుండా చేసింది. ఆ పిల్లోడు కూడా మోసేవాడైతే, వీళ్లకు పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగు చీటీల్లో ఒకటి రూప జబ్బుది. ఒక బిడ్డకు తప్పిందని ఇంకో బిడ్డకు తప్పదు, ప్రతిసారీ కొత్తగా చీటీ ఎత్తాల్సిందే అని అది చెప్పేది.

రూపా నేనూ ధర్మవరం పోయినాము. మా వదిన కారాలు, జాంగ్రీ పెట్టి, కాఫీ ఇచ్చి, మాట వినింది. విని ముఖం ముడుచుకునింది.

"మా వానికేం రోగమే? చీరల మూట ఒంటిచేత్తో లేపుతాడు."

"మా అమ్మ కూడా నీళ్ల బిందె ఒంటిచేత్తోనే లేపుతాది అత్తా. ఆయమ్మకూ ఉండాది. ఇది రోగం కాదు, మోయడం."

"రక్తం చూపించి పెండ్లి చేసుకునేది యాడన్నా ఉండాదా? జాతకాలు చూడండి, వద్దనను."

"జాతకం కూడా చూడండి. నేను ఒక్క చుక్క అడుగుతాండా. ఎవురికీ చెప్పాల్సిన పన్లేదు, నేనే సూది గుచ్చుతా."

మా వదిన మెత్తగానే అడిగింది. "నువ్వు పుట్టినావు, పెరిగినావు, ఉద్యోగం చేస్తాండావు. మళ్లీ నీలాంటి బిడ్డే పుడితే ఏమైతాదే?"

నేను కాఫీ గ్లాసు కింద పెట్టేసినాను. రూప మాత్రం జాంగ్రీ తుంచుకుంటా ఉంది.

"ఏం కాదు అత్తా, పెంచుకుంటారు. నన్ను పెంచలేదా? తెలిసి పెంచుకోండి అంటాండా. ఇద్దరికీ ఉందని తెలిస్తే పెండ్లే మానుకోవాలని కాదు, కడుపుతో ఉన్నప్పుడే చూసే పరీక్షలుండాయి. వాళ్లిద్దరూ ఏం చేసుకుంటారో వాళ్ల ఇష్టం. తెలీకుండా మాత్రం వద్దు."

వదిన లేచి కుంకుమ భరిణ తెచ్చింది. "చూద్దాంలే" అని మాకు పసుపూ కుంకుమా ఇచ్చి పంపింది.

తిరిగొచ్చేటప్పుడు రైల్లో కిటికీ పక్కన కూర్చుని అది అడిగింది. "నీకు ముందే తెలిసుంటే నన్ను కనేదానివా మా?"

"నిన్ను కనక ఇంకెవర్ని కంటా" అన్నాను.

"నీ జవాబు నీది. హరిణి జవాబు హరిణిని చెప్పుకోనీ" అని, పెనుకొండ కొండ కనిపిస్తుందేమోనని కిటికీలోంచి తొంగిచూసింది.

ఆ వానాకాలంలో రూపకు జ్వరం వచ్చింది. గుండె అప్పటికే అలసిపోయి ఉంది. బెంగళూరులో వాళ్లు చేయగలిగింది చేసినారు. పరిశోధన చేసేవాళ్లలో ఒకామె వార్డుకు వచ్చి, నా పక్కన బెంచీ మీద కూర్చునింది. చివరి రోజు కూడా రూప నర్సును అడిగిందంట, ఈ బాటిలు ఎవరిదో చెప్పగలవా అని.

ఇంట్లో సావు జరిగితే ఏడాది తిరిగేలోపల ఒక శుభం జరగాలని మా అత్త పట్టు పట్టింది. మా వదినకూ అదే కావాల. ఇద్దరూ కలిసి ముహూర్తం పెట్టించినారు. మేనల్లుడు రక్తం ఇచ్చినాడా అని నేను అడిగితే, "అవన్నీ రూప మాటలు, రూపతోనే పోయినాయి" అనింది వదిన ఫోన్లో. మా ఆయన అక్కకు ఎదురు చెప్పి ఎరగడు.

మా ఇండ్లలో పెండ్లి పని పసుపు దంచడంతో మొదలవుతుంది. పసుపు దంచితే పెండ్లి ఖాయమైనట్టే, ఇంక దాన్ని ఆపరు. రోకటి మొదటి పోటు పిల్ల తల్లి వేయాల, ఆ తర్వాతే ముత్తైదువలు. శుక్రవారం పొద్దున వదిన ధర్మవరంనుంచి పసుపు కొమ్ములు తెచ్చింది. కృష్ణకాంత్ ఆమెకు తోడుగా రైల్లో వచ్చి వసారాలో కూర్చున్నాడు. వీధిలో ముత్తైదువలు వచ్చినారు. రోలుకు బొట్లు పెట్టినారు, రోకలికి దారం చుట్టినారు. కొమ్ములు రోట్లో పోసి రోకలి నా చేతికి ఇచ్చినారు. నేను దాన్ని గోడకు ఆనించినాను.

"ఏమే పుష్పా, చేయి నొప్పా?" అనింది వదిన.

"నొప్పి లేదు వదినా. పిల్లోని రక్తం చూసినాక దంచుతా."

ముత్తైదువలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "సచ్చిపోయిన దాని మాట పట్టుకుని బతికున్న దాని పెండ్లి ఆపుతావా?" అనింది వదిన.

"ఆపలేదు. దంచలేదు, అంతే."

మా అత్త లోపలినుంచి వచ్చింది. "మంచి గడియమ్మా. శాస్త్రానికి ఒక్క పోటు వేయి, మిగతాది తర్వాత చూద్దాం."

"ఒక్క పోటు వేస్తే వేసినట్టే కదత్తా."

మా ఆయన అంగడికి పోతా పోతా గడపలో ఆగినాడు. చెప్పులు వేసుకుంటా, తల ఎత్తకుండానే, "పుష్ప చెప్పినట్టే కానీలే అక్కా" అన్నాడు. పెండ్లయినప్పటినుంచి నేను ఆ మాట వినలేదు.

హరిణి వసారాలోకి పోయి బావ ముందర నిలబడింది. వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు. కాసేపటికి కృష్ణకాంత్ లోపలికి తొంగిచూసినాడు.

"అత్తా, పెనుకొండ ల్యాబు ఎన్నింటిదాకా ఉంటాది?"

"రేయ్, నువ్వు సుమ్మనుండు" అనింది వాళ్లమ్మ.

"ఒక చుక్కేలే మా. మూటలు మోసేవాన్ని, సూదికి భయపడతానా" అని రైలు స్టేషను దావ పట్టినాడు.

ముత్తైదువలకు కాఫీలిచ్చి, తాంబూలాలిచ్చి పంపినాను. మధ్యాహ్నం తిరుపాల్ సారు ఫోన్ చేసినాడు, రక్తం తీసినామమ్మా, బెంగళూరుకు పంపినామని. జవాబు ఎట్ల వస్తుందో నాకు తెలీదు. వదిన ఇంకా ఇక్కడే ఉంది, నాతో మాట్లాడదు, కానీ నేను పెట్టిన సంగటి తింటుంది.

"కొమ్ములన్నా తీసి డబ్బాలో పోయమ్మా, రోలు ఖాళీ అయితాది" అంటుంది మా అత్త. తీయను. దంచను. అవి రోట్లో అట్లే ఉన్నాయి, మీద ఒక తెల్లగుడ్డ కప్పినాను.