రంపపు పొట్టు

ట్రాక్టరు కింద దూరడం కన్నా మళ్ళీ లేవడమే కష్టంగా ఉంది లింగానికి. ఇరవై ఏళ్ళుగా బాన్సువాడ బస్టాండు వెనక అదే మెకానిక్ షెడ్డు, అదే మడ్డి నేల, అదే నడుంనొప్పి. 1984లో నాట్ల ముందు కోటగిరి నుంచి రత్తయ్య వచ్చాడు, నిరుడు కొన్న పాత ట్రాక్టరుకు గేరు ఆయిలు మార్పించడానికి.

"ఎంత తిరిగినా గేర్లు చప్పుడు చెయ్యవయ్యా. అది చూసే కొన్నాను," అన్నాడు మురిసిపోతూ.

లింగం గేరుబాక్సు అడుగు బోల్టు విప్పాడు. దానికి వాషరుగా వేసిన సైకిలు ట్యూబు ముక్కను తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. నల్లటి ఆయిలు ముద్దలుముద్దలుగా జారింది. వేళ్ళతో నలిపాడు. రంపపు పొట్టు! అరిగిన గేర్లు అరవకుండా అమ్మేవాళ్ళు పోయిస్తారు. కొనేవాడి చెవుల్లో పెట్టే దూది అది.

లింగం లోపలంతా కడిగి కొత్త ఆయిలు పోశాడు. రత్తయ్య బండి కదిలించగానే గేర్లు గోలపెట్టాయి.

"బంగారంలాంటి బండిని పాడుచేశావు కదయ్యా! మునుపెలా ఉందో అలా చేసివ్వు!"

పక్కనే వడ్రంగి దుకాణం ముందు పొట్టు కుప్పగా పడి ఉంది. రెండు దోసిళ్ళు చాలు. లింగం అటు చూశాడు. లేవబుద్ధి కాలేదు.

"గా ట్యూబు ముక్క నేను కోసిందే, అన్నా," అన్నాడు. "మునుపు పొట్టు పోసి గట్ల చేసింది గూడ నేనే."