ఇరవై ఏడో ఫ్రేము

1999 ఫిబ్రవరి 8, సోమవారం ఉదయం మా మేనేజర్ శామ్యూల్ గారు నన్ను గదిలోకి పిలిచి, 19వ తేదీలోగా ఒక సిఫారసు నివేదిక ఇమ్మన్నారు. అప్పుడు నేను మాదాపూర్‌లోని ఒక వీడియో నిర్మాణ సంస్థలో సీనియర్ ఎడిటర్‌ను. చుట్టుపక్కల కొత్తగా లేస్తున్న సాఫ్ట్‌వేర్ కంపెనీలకు పరిచయ చిత్రాలు, శిక్షణ చిత్రాలు చేసి ఇవ్వడం మా పని. నలుగురు ఎడిటర్లం, రెండు ఎడిట్ సూట్లు. సూట్ అంటే పెద్ద హంగేమీ కాదు. కిటికీలేని చల్లని గది, ఒక కంప్యూటర్, రెండు తెరలు, ఒక టేపు డెక్కు.

సమస్య ఇది. మేము ఐదేళ్లుగా వాడుతున్న ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ, మా యంత్రానికి ఆ ఏడాది తర్వాత విడిభాగాలు ఇవ్వలేమని ఉత్తరం రాసింది. ఇంకో కంపెనీ తమ సాఫ్ట్‌వేర్ కొనమని వెంటపడుతోంది. పాతవాళ్ల దగ్గరే పెద్ద యంత్రం తీసుకోవాలా, కొత్తవాళ్ల దగ్గరికి మారాలా అన్నది నేను తేల్చాలి. ఆ కంపెనీల పేర్లు ఇక్కడ అనవసరం. మా యాదగిరి గారు పాతదానికి పెద్దమ్మ అనీ, కొత్తదానికి చిన్నమ్మ అనీ పేర్లు పెట్టారు. నేనూ అవే వాడతాను.

యాదగిరి గారు మాలో వయసులో పెద్ద, యాభై మూడేళ్లు. చందానగర్ నుంచి స్కూటర్ మీద వచ్చేవారు. కంప్యూటర్లు రాకముందు, రెండు టేపు డెక్కుల మధ్య దృశ్యాలు తెంచి అతికిన కాలం మనిషి. పెద్దమ్మ కీబోర్డు ఆయన వేళ్లకు ఎంత అలవాటంటే, కరెంటు పోయినా నాలుగు మీటలు నొక్కాక గానీ ఆగేవారు కాదు. చిన్నమ్మ వస్తే శిక్షణకు ఇద్దరినే పంపుతామనీ, వాళ్లు ఇద్దరు చిన్న ఎడిటర్లేననీ, యాదగిరి గారికి టేపుల లైబ్రరీ అప్పగిస్తామనీ శామ్యూల్ గారు ఆ రోజే నాతో అన్నారు. టేపుల లైబ్రరీ అంటే రిజిస్టరులో టేపు నంబర్లు రాసుకుంటూ కూర్చునే పని. ఈ సంగతి యాదగిరి గారికి నేను చెప్పలేదు. మధ్యాహ్నానికల్లా ఆయనకు తెలిసింది.

"ఇగ నన్ను అల్మారాల పెట్టి తాళం వేస్తరన్నట్టు," అన్నారు టీ తాగుతూ. "ఫికర్ లేదు మేడం, నా మీద గూడ ఒక నంబరు రాసుకోన్రి."

పరీక్ష ఎలా జరగాలో నేనే నియమాలు రాశాను. ఒక కంపెనీ కోసం అంతకుముందు చేసిన పదకొండు నిమిషాల పరిచయ చిత్రం తీసుకున్నాను. అందులో 186 కట్లు, అంటే ఒక దృశ్యం తెగి ఇంకోటి మొదలయ్యే చోట్లు. ఏ కట్టు ఎక్కడ పడిందో గంట, నిమిషం, సెకను, ఆ సెకనులో ఎన్నో ఫ్రేము, అంటే ఎన్నో బొమ్మ, అన్నదాంతో సహా చెప్పే జాబితాను పెద్దమ్మ రాసిస్తుంది. అదే జాబితాను చిన్నమ్మకు ఇవ్వాలి. 186 కట్లూ అవే చోట్ల పడితే, మా పాత చిత్రాలన్నీ కొత్తదాంట్లోకి భద్రంగా వెళ్తాయని అర్థం. ఏ పనికి ఎవరికెంత సమయం పట్టిందో కూడా లెక్కపెట్టాలి. పెద్దమ్మ తరఫున యాదగిరి గారు, చిన్నమ్మ తరఫున ఆ కంపెనీ పంపిన ఫణీంద్ర.

ఫణీంద్ర భీమవరం వైపు మనిషి. మెడలో టై, ముఖాన చెరగని నవ్వు. ఏది అడిగినా ఒకటే జవాబు.

"తెలుగు అక్షరాలతో టైటిల్స్ వేయవచ్చా?"

"వచ్చే వెర్షన్‌లో వచ్చేస్తుందండి."

"మధ్యలో కరెంటు పోతే చేసిన పని మిగులుతుందా?"

"అది కూడా వచ్చే వెర్షన్‌లో ఉందండి మేడంగారూ."

రెండు రోజుల్లో ఆ మాట పద్నాలుగు సార్లు అన్నాడు. నేను గీతలు గీసి లెక్కపెట్టాను. యాదగిరి గారు మాత్రం, "అన్నా, గీ వచ్చే వెర్షన్ ఏదో అదే తెచ్చేది ఉండె గద, ఇది ఎందుకు మోసుకొచ్చినవ్?" అని అడిగారు.

పరీక్ష 15, 16 తేదీల్లో జరిగింది. రాయదుర్గం వైపు కొత్త భవనాల కోసం రోజూ పన్నెండున్నరకు బండలు పేల్చేవారు. పేల్చేముందు వేసే ఈల వినబడగానే, అదురుకు టేపు చెడకుండా డెక్కులు ఆపేసేవాళ్లం. అలా ఆగిన నిమిషాలను రెండు పక్షాల లెక్కలోంచీ తీసేశాను. ఎవరికీ అన్యాయం జరగకూడదు కదా.

ఫలితం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చిన్నమ్మ చేతిలో 37 కట్లు సరిగ్గా పడ్డాయి. 149 జారిపోయాయి, ఒక్కోటి ఒకటి నుంచి నాలుగు ఫ్రేముల దాకా. చిత్రం మొదట్లో కంపెనీ అధిపతి చేతులు జోడించి "నమస్కారం" అంటాడు. చిన్నమ్మలో ఆయన "నమస్కా" అనేసరికి భవనం బొమ్మ వచ్చి పడింది. ఫణీంద్ర నవ్వు మొదటిసారి కొంచెం తగ్గింది.

"ఇది కూడా వచ్చే వెర్షన్‌లో సరిచేసేస్తారండి," అన్నాడు. అది పదిహేనోసారి.

నేను రిజిస్టరులో నాలుగు గడులు గీశాను. కట్టు నంబరు, జాబితాలోని ఫ్రేము, తెర మీద ఆ కట్టు నిజంగా ఉండాల్సిన ఫ్రేము, రెండింటి తేడా. జాబితాలో 23 అని ఉంటే, పెదవులు మూసుకునే చోటికి బొమ్మను జరిపి చూస్తే తెర 27 చూపేది. తేడా 4. ఇలా 186 వరసలు రాసి, తీసివేతలు రెండుసార్లు సరిచూసుకున్నాను. ఒక్క తప్పు లేదు. చివర ఎర్రసిరాతో "చిన్నమ్మ నమ్మదగినది కాదు" అని రాశాను. రిజిస్టరులో అసలు పేరే రాశాననుకోండి.

17వ తేదీ బుధవారం రిజిస్టరును యాదగిరి గారి ముందు పెట్టాను. పరీక్షలో పాల్గొన్న ఎడిటర్ కూడా సంతకం చేయాలన్నది నా నియమాల్లో ఆరోది. ఆయన సంతకం పెడితే పెద్దమ్మ గెలిచినట్టే, ఆయన సూట్ ఆయనకు మిగిలినట్టే. అది నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. కలం మూత తీశారు. కళ్లద్దాలు పైకి నెట్టుకున్నారు. రెండో పేజీలో వేలు ఆగింది.

"మేడం, జర గిది చూడున్రి. గీ ఇరవయ్యేడు ఏంది?"

"ఫ్రేము నంబరు," అన్నాను.

"అదే అడుగుతున్న. ఇరవయ్యేడు ఎక్కడిది?"

పాఠకులకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన దేశంలో వీడియోకు సెకనుకు ఇరవై ఐదు ఫ్రేములు. సున్నా నుంచి ఇరవై నాలుగు దాకా లెక్క, ఆపైన తర్వాతి సెకను మొదలవుతుంది. కనుక ఇరవై ఏడో ఫ్రేము ఉండదు. అమెరికాలో సెకనుకు ముప్ఫై. ఫణీంద్ర తెచ్చిన డెమో అక్కడి నుంచి వచ్చినది కనుక ముప్ఫై లెక్కకే పెట్టి ఉంది. మా జాబితాను అది ముప్ఫై లెక్కలో చదివింది. ప్రతి ఐదు ఫ్రేములకూ ఒక ఫ్రేము తేడా వస్తుంది కనుక, ఫ్రేము నంబరు ఐదు కంటే తక్కువ ఉన్న కట్లు నిలిచాయి, మిగతావి జారాయి. తప్పు చిన్నమ్మది కాదు. సెకనుకు ఎన్ని ఫ్రేములో చూసుకోకుండా పరీక్ష మొదలుపెట్టిన నాది.

రిజిస్టరు లాక్కుని చూశాను. 25, 26, 27, 28 అనే అంకెలు ఇరవై తొమ్మిది చోట్ల ఉన్నాయి. అన్నీ నా చేతిరాతే, గుండ్రంగా, ముచ్చటగా. తీసివేతలు సరిపోతున్నాయన్న ధీమాలో, తీసేస్తున్న అంకె అసలు ఉండదని చూడలేదు.

ఫణీంద్రను పిలిచి, ఇరవై ఐదుకు మార్చడం ఏ వెర్షన్‌లో వస్తుందని అడిగాను. వెతికి, రెండు మీటలు నొక్కి, "ఇందులోనే ఉందండి," అన్నాడు, తనకే నమ్మకం కుదరనట్టు.

18న పరీక్ష మళ్లీ జరిపాము. 186కు 186 సరిగ్గా పడ్డాయి. కంపెనీ అధిపతి నమస్కారం పూర్తిచేశాడు. ఆ చిత్రాన్నే మొదటి నుంచి కట్టి టైటిల్స్ వేయడానికి పెద్దమ్మకు మూడు గంటల నలభై నిమిషాలు పడితే, చిన్నమ్మకు గంటా పాతిక నిమిషాలు. టైటిల్స్ ఇంగ్లిషులోనే, అది వేరే సంగతి.

సాయంత్రం యాదగిరి గారిని అడిగాను, చెప్పకుండా ఉంటే మీ సూట్ మీకే ఉండేది కదా అని.

"చెప్పొద్దనే అనుకున్న మేడం," అన్నారు. "కలం గూడ తీసిన. గని ఇరవై ఏండ్ల సంది ఇరవై అయిదే లెక్కపెట్టిన కండ్లు. ఇరవయ్యేడు చూస్తే చెప్పుల రాయి పడ్డట్టయింది. గట్ల ఎట్ల నడుస్తం?"

19వ తేదీన నివేదిక ఇచ్చాను. చిన్నమ్మను కొనవచ్చని మొదటి పేరాలోనే రాశాను. మొదటి పరీక్ష ఎందుకు చెల్లదో, ఆ తప్పు ఎవరిదో రెండో పేరాలో. శిక్షణకు వెళ్లే ఇద్దరిలో మొదటి పేరు యాదగిరి గారిదే ఉండాలని చివరి పేరాలో. యాభై మూడేళ్ల మనిషి ఇప్పుడేం నేర్చుకుంటారని శామ్యూల్ గారు అడ్డుచెప్పారు. ఆ రిజిస్టరును నేనూ, ఫణీంద్రా, ఇద్దరు చిన్న ఎడిటర్లూ చూశామనీ, నలుగురికీ కనబడనిది ఆయనకు కనబడిందనీ, మీటలు ఎవరైనా నేర్చుకోగలరనీ బదులిచ్చాను. శామ్యూల్ గారు టేబుల్ మీద వేళ్లతో దరువు వేసి సంతకం పెట్టారు.

యాదగిరి గారు పెద్దమ్మ మీద ఉన్నప్పటి వేగాన్ని మళ్లీ అందుకోవడానికి ముప్ఫై ఒక్క పనిదినాలు పట్టింది. మొదటి వారంలో ఏ మీట ఎక్కడుందని అడిగినా, "వచ్చే వెర్షన్‌ల నేర్చుకుంట మేడం," అనేవారు.

ఆ రిజిస్టరులో తప్పు అంకెలను నేను కొట్టివేయలేదు. ఇరవై తొమ్మిదింటి పక్కనా పొడి సంతకం చేశాను. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, ఏ పరీక్ష పెట్టినా మొదటి గడిలో సెకనుకు ఎన్ని ఫ్రేములో రాశాకే పని మొదలుపెట్టాను. లెక్క పూర్తయ్యాక, దానివల్ల లాభపడేవారి చేత ఒకసారి, నష్టపోయేవారి చేత ఒకసారి చదివించాను. నాకు నేను సరిచూసుకోవడం మానలేదు గానీ, దాన్ని తనిఖీ కింద లెక్కవేయడం మానేశాను.