హనుమక్క వద్దన్న వాన

కరువు ఏట వాన రావద్దని మొక్కుకున్న మనిషి ఎక్కడైనా ఉంటుందా అని అడిగితే, ఉంది. పేరు హనుమక్క. గుమ్మఘట్టకు పడమర దిక్కున ఓ చిన్న ఊళ్లో నాలుగెకరాల గరుసు చేను ఆమెది. ఆమె పిచ్చిది కాదు, పాపిష్టిదీ కాదు. అయినా ఆ మొక్కు మొక్కినందుకు ఆమె పడిన అవస్థ పగవాళ్లకు కూడా వద్దు.

ఆమె ఆ ఊరికి కోడలుగా వచ్చిన కొత్తలో, అంటే యాభైల మొదట్లో, పెద్ద కరువు వచ్చింది. సర్కారువాళ్లు గంజి పోస్తుంటే ముంత పట్టుకుని వరుసలో నిలబడింది. నిలబడ్డందుకు కాదు, తన వంతు వచ్చేసరికి తొట్టి అడుగంటుతుందేమోనని వణికినందుకు ఆమెకు ఇప్పటికీ సిగ్గే. ఆ తర్వాత ఇంకెప్పుడూ గంజి కోసం నిలబడకూడదని పట్టు పట్టింది. గులకరాళ్లు తప్ప మన్ను కనబడని ఆ చేనును మొగుడు చెన్నప్పా తనూ బిడ్డను సాకినట్టు సాకారు. కొర్రతో పాటు కంది, అనుములు, అలసంద కలిపి చల్లేవాళ్లు. ఒకటి పోతే ఇంకొకటి దక్కేది. బావి పక్కన ఆకుకూరల మడి వేసింది. ఇంట్లోకి సరిపోగా మిగిలిన కూరాకు వీధి ఆడవాళ్లు వచ్చి కోసుకుపోయేవాళ్లు.

ఊరికే కాదు. దానికో షరతు పెట్టింది. కూరాకుకు వచ్చిన మనిషి ఇంట్లో ఊడ్చిన కసువో, పొయ్యి బూడిదో, మేకల పెంటికలో గంపలో తెచ్చి హనుమక్క ఎరువు దిబ్బలో పోయాలి. ఒట్టి చేతులతో వస్తే గట్టు దాటనిచ్చేది కాదు.

"మా ఇంట్లో కసువు లేదక్కా" అని ఎవరైనా అంటే, "కసువు లేని కొంప యాడన్నా ఉండాదా మే? పోయి తేపో" అనేది.

అట్లా ఊరి చెత్తంతా ఆ చేలోకి పోయి, ఊరి కుండల్లోకి కూరై తిరిగి వచ్చేది. పదేళ్ల పైన సాగింది ఈ బేరం. చేను కొంచెం నల్లబడింది కూడా. కానీ కింద గరుసు గరుసే. వాన పడిన వారానికే నేల నోరు తెరిచేది.

అరవై అయిదులో ఊరి చెరువు అడుగంటా ఎండింది. గంజి కరువులో కూడా అడుగున బురద మిగిలింది. హనుమక్క కాపురానికి వచ్చాక ఆ చెరువు అడుగు చూడడం అదే మొదలు. ఊరంతా కట్ట మీద నిలబడి ఏడుపు మొహాలు పెట్టుకుంటే, ఆమె మాత్రం దిగిపోయి నెర్రెలో చెయ్యి పెట్టి గడ్డ పెకలించింది. నల్లగా, వెన్నలాగా ఉంది మట్టి.

ఇంటికి వచ్చి చెన్నప్పతో అన్నది. "ఈ మట్టి చేనంతా తోలితే మన నేల తడి పట్టుకుంటాది. మళ్లీ ఇట్లా ఎండేది ఎప్పుడో ఏమో."

చెన్నప్ప గడ్డం గోక్కున్నాడు. "ఎద్దులకు ఎముకలు లెక్క పెట్టొచ్చు. తవ్వేవాళ్లకు కూలి యాడినుంచి తెస్తావు?"

"గాదెలో కొర్రలు ఉండాయి కదా."

"అవి తినేవి."

"తినేవే. తవ్వినోళ్లు తింటారు, మనమూ తింటాము."

చెన్నప్ప గాదె వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ఆమె అనుకున్నదంటే అయిపోయినట్టేనని అతనికి తెలుసు.

పని మొదలైంది. ఊళ్లో సగం మంది బళ్లారి వైపు వలస పోయారు. పోలేక ఉండిపోయిన కొన్ని ఇళ్లవాళ్లు చెరువులోకి దిగారు. అందులో నల్లమ్మ ఒకతె. ఆమె మొగుడు ఈరన్న కాలు విరిగి మంచంలో ఉన్నాడు, ఇంట్లో చిన్నపిల్లలు. నల్లమ్మ పలుగు పట్టుకుంటే మగవాళ్లు సిగ్గుపడాలి. పొద్దు గూకేసరికి హనుమక్క చేటతో కొర్రలు కొలిచి ఆమె కొంగులో పోసేది. బండి మీద బండి మట్టి చేలోకి పోతూ ఉంది. గాదె అడుగు దగ్గరపడుతూ ఉంది. హనుమక్క రోజూ గాదెలోకి చెయ్యి పెట్టి చూసుకునేది. చేను సగం పూర్తయింది. మిగతా సగం పూర్తి కాకుండా ఆగిపోతే గింజలూ పోయినట్టే, పనీ పోయినట్టే.

సరిగ్గా అప్పుడే పడమర మబ్బు పట్టింది.

ఊరంతా ఒక్కసారి లేచి కూర్చుంది. మబ్బును బతిమాలాలి కదా. రోకలికి వేపాకు చుట్టి, నడుమ కప్పను కట్టి, ఆడవాళ్లు ఇల్లిల్లూ తిరిగారు. రోకలి ముందు కొస నల్లమ్మ భుజం మీద ఉంది. ప్రతి గడపలోనూ కడవెడు నీళ్లు కప్ప మీద పోస్తున్నారు. తాగడానికే కరువైన నీళ్లు.

హనుమక్క కడవతో బయటికి వచ్చింది. మబ్బు కేసి చూసింది. ఇప్పుడు కురిస్తే చెరువు బురదవుతుంది, బండి దిగదు, సగం చేను అట్లాగే ఉండిపోతుంది. ఆలోచించి అనుకున్న మాట కాదు అది, గుండెలోంచి దానంతటదే వచ్చింది. తల్లీ, ఇంకొన్నాళ్లు ఆగు. నా మట్టి తోలుకోనీ.

కడవ వంచింది. నీళ్లన్నీ నేలపాలయ్యాయి. కప్ప మీద ఒక్క చుక్క పడలేదు. తలెత్తితే నల్లమ్మ తననే చూస్తూ ఉంది. కళ్లు కలవగానే నల్లమ్మ చటుక్కున మొహం తిప్పేసుకుంది.

సాయంత్రానికి గాలి లేచి మబ్బును ఊడ్చుకుపోయింది.

మట్టి పని పూర్తయింది. చేనంతా నల్లగా పరుచుకుని ఉంది. ఇక రా తల్లీ అని హనుమక్క పిలిచింది. రాలేదు. మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది, పునర్వసు పోయింది. మబ్బులు రావడం, ఊరి మీదుగా దాటిపోవడం. ఆమెకు తిండి సహించేది కాదు. మూటలు నెత్తిన పెట్టుకుని ఎవరు వలస పోతున్నా, తన గడప ముందు నుంచే పోతున్నట్టు ఉండేది. వీళ్లను ఊరు విడిపించింది నేనే అనుకునేది. ఎవరింట్లో పిల్ల ఏడ్చినా ఉలిక్కిపడేది. అందరి నీళ్లూ తీసుకున్న ఆ కప్పకు తన నీళ్లు ఒక్కటే అందలేదు. వానదేవుడికి ఇంకేం సాకు కావాలి?

దీనికి తోడు నల్లమ్మ కూరాకుకు రావడం మానేసింది. దావలో ఎదురుపడితే పక్క సందులోకి తిరిగిపోతోంది. దానికి తెలుసు, రేపో మాపో ఊరంతా తెలుస్తుంది అని హనుమక్క అనుకునేది.

బావిలో ఉన్న కాసిని నీళ్లతో మడిని బతికించింది. వచ్చినవాళ్లకు గంప అడగడం మానేసింది. ఒట్టి చేతులతో వచ్చినా కొంగు నిండా కోసి పెట్టేది. ఆడవాళ్లు మొహాలు చూసుకున్నారు.

"హనుమక్కకు వొంట్లో బాగలేదా ఏమప్పా?" అని చెన్నప్పను అడిగింది పక్కింటి రామసుబ్బమ్మ.

చెన్నప్ప ఆ మధ్యాహ్నం పెళ్లాన్ని నిలదీశాడు. ఆమె దాచుకోలేక చెప్పేసింది, ఏడ్చింది కూడా.

అతను విని నవ్వాడు. "పదహైదేండ్ల నుంచి వాన రా వాన రా అని మొత్తుకుంటాండావు. అప్పుడు వినని దేవుడు ఇప్పుడు వద్దంటే టక్కున విన్నాడా? నీకు అంత పరపతి ఉండాదని తెలిస్తే నేను ఇంకేమన్నా అడిగిస్తాంటి కదే."

మంచి మాటే. కానీ ఆమెకు ఎక్కలేదు. భయం అనేది నవ్వితే పోయే జాతి కాదు.

ఉత్తర కార్తెలో, ఇక ఎవరూ ఆకాశం కేసి చూడడం కూడా మానుకున్నాక, ఒకే ఒక్క వాన కురిసింది. చెరువులోకి చారెడు నీళ్లు కూడా రాలేదు. ఉన్న కొద్దిమందీ ఉలవలో, అనుములో చల్లారు. హనుమక్క గాదె చిమ్మి, విత్తనానికి దాచిన గింజలన్నీ చల్లింది. మళ్లీ చినుకు లేదు. వారానికి అందరి చేలూ నోరు తెరిచాయి. మొలకలు పసుపు తిరిగాయి. హనుమక్క పొద్దున్నే పోయి తన నేలలో వేలు గుచ్చి చూసేది. తడి తగిలేది. మరునాడు మళ్లీ గుచ్చేది, ఈరోజు ఉండదేమోనని. ఉండేది. మంచు మొదలయ్యేసరికి అనుము తీగ కమ్ముకుని పూత పట్టింది.

పుష్యంలో ఆ చేలో తప్ప చుట్టుపక్కల పచ్చదనం లేదు. ఆ అనుము తీగలకు కాసిన అనపకాయల వాసన ఊళ్లోకి కొట్టేది. జనం రావడం మొదలుపెట్టారు, ఆమె కోసుకోమంది. అందరూ చల్లగా ఉండమని దీవించి పోతుంటే ఆమెకు ఒక్కొక్క దీవెనా ముల్లులా గుచ్చుకునేది.

ఒక పొద్దున నల్లమ్మ గట్టు అవతల వచ్చి నిలబడింది. చిక్కిపోయి కళ్లు గుంటలు పడ్డాయి. లోపలికి రాలేదు.

హనుమక్క ఇక ఆగలేకపోయింది. గట్టు దాకా పోయి అన్నది. "నల్లమ్మా, నువ్వు చూసినావని నాకు తెలుసు. ఆ పొద్దు నేను వాన వద్దనుకున్నా. నా మట్టి కోసరం. కప్ప మీద నీళ్లు పడలే. ఊరి ఉసురు పోసుకున్నా. నువ్వు నా మొహం చూడకుండా పోయిన దాంట్లో తప్పు లేదు."

నల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీ చెయ్యి సరిగానే ఉండె అక్కా" అన్నది చివరికి. "నువ్వు కప్ప మీదికే పోసినావు. రోకలి పక్కకు తిప్పింది నేను."

హనుమక్కకు అర్థం కాలేదు.

"వాన వస్తే మట్టి పని నిలిచిపోతాది. పని నిలిస్తే నువ్వు కొలిచే గింజలు యాడివి? ఇంట్లో మొగుడు మంచంలో ఉండె. పిల్లోళ్లు నా కొంగు కేసే చూస్తాండిరి. మీ గడప కాడికి వచ్చేసరికి, ఇంకొన్ని దినాలు పని ఉంటే సాలు అనిపిచ్చె. భుజం దానంతటదే తిరిగె. నువ్వు తలెత్తి సూస్తివి. నన్ను పట్టేసినావని ఇన్నాళ్లూ నీకు మొహం సూపలేదు."

ఇద్దరూ గట్టుకు అటూ ఇటూ నిలబడిపోయారు. ఏడాది పొడుగునా ఊరిని ఎండబెట్టిన పాపం తనొక్కతిదేనని ఇద్దరూ ఎవరికి వారు మోశారు. హనుమక్క నల్లమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"ఎవురికీ చెప్పొద్దక్కా" అన్నది నల్లమ్మ.

"నేను యాడ చెప్తా? చెప్తే ఇద్దరినీ తంతారు."

చెయ్యి పట్టి గట్టు దాటించింది. ఇద్దరూ కలిసి అనపకాయలు కోసి నల్లమ్మ కొంగు నింపారు. పోబోతూ నల్లమ్మ ఆగి, తన ఒట్టి చేతులు చూసుకుంది.

"ఈ పొద్దు కసువు గంప తేలే అక్కా."

ఎన్నో నెలల తర్వాత హనుమక్క నోట్లో పాత కరుకుదనం వచ్చింది.

"తేలేదని నేనూ చూసినా. రేపు రెండు తే."